తూపిలిపాళెం పోయే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆదివారం ఫ్రెండ్స్‌తో తూపిలిపాళెం బీచ్‌కి పోతున్నావని అక్క చెప్పింది. వద్దనను. 2022లో కొత్త జిల్లా ఏర్పడ్డాక తిరుపతికి సముద్రం కూడా దక్కింది, చూడకపోతే ఎలా? అలల గురించి మీ నాన్న ఎలాగూ చెబుతాడు. నేను టేకు చేప గురించి రాస్తున్నాను, ఇంగ్లీషులో స్టింగ్‌రే అంటారే, అది. చిత్తూరు అత్త తిరుక్కై పులుసు పెడుతుందే, ఆ చేపే.

అది వెంటపడి పొడిచే రకం కాదు. లోతు తక్కువున్న చోట ఇసుక కప్పుకుని పడుకుంటుంది. చూసుకోకుండా దాని మీద కాలేస్తే తోక విసురుతుంది. తోక మీద రంపంలా రెండు వైపులా పళ్లున్న ముల్లు, ముల్లుతోపాటే విషం. కాబట్టి నీళ్లలో అడుగు ఎత్తి వేయొద్దు, పాదాలు ఇసుకలో ఈడుస్తూ నడువు. ఆ అలికిడికి అదే తప్పుకుంటుంది. చెప్పులున్నాయని ధీమా వద్దు, వాటిలోంచి కూడా దిగుతుంది. ఒడ్డున చచ్చి పడున్నా సరే, సెల్ఫీ కోసం తోక పట్టుకోవద్దు.

శేషాచలం పక్కన పుట్టినవాళ్లం కదా, మనకి ఏది కుట్టినా పాముకాటు లెక్కే. తాడు బిగించేస్తారు, బ్లేడు తీస్తారు. పాముకైనా అవి తప్పు పనులే. దీనికి కావలసింది వేడినీళ్లు. ఈ విషం ప్రోటీన్, వేడికి దాని బలం తగ్గుతుంది. ముందు గాయం కడిగి, రక్తం కారుతుంటే గుడ్డతో నొక్కిపట్టాలి. తర్వాత కాలు ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. వేడి ఎంతుందో బాగున్న చేత్తోనే చూడాలి. నొప్పితో మొద్దుబారిన కాలికి బొబ్బలెక్కినా తెలియదు. ఇన్నేళ్లు ఆసుపత్రిలో కట్లు కట్టినవాడిగా చెబుతున్నా, పసుపు, సున్నం పూసుకొస్తే ఆ గాయం శుభ్రం చేయడానికే సగం పొద్దు పోతుంది.

ముల్లు ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో దిగితే మాత్రం లాగొద్దు, కదిలించొద్దు, 108కి ఫోన్ చేయండి. 2006లో ఆస్ట్రేలియాలో, టీవీలో మొసళ్లు పట్టే స్టీవ్ ఇర్విన్ చనిపోయింది టేకు ముల్లు ఛాతీలో పొడవడం వల్లే. కాలికి గుచ్చుకుని నొప్పి తగ్గినా గూడూరో నాయుడుపేటో పోయి టీటీ వేయించుకోవాలి. ముక్క లోపల విరిగిందేమో ఎక్స్‌రేలో చూడమని నువ్వే అడుగు, వదిలేస్తే చీము పడుతుంది.

అక్క దగ్గర పెద్ద ఫ్లాస్కు ఉంది, వేడినీళ్లు పోయించుకుని పో. కాఫీకి వేరేది చూసుకోండి.

మీ మామయ్య