బరువెక్కువ ఉన్న పిల్లలకు ఈత పనికొస్తుందా?

మీ బాబుకు 12 ఏళ్లు, పరుగెత్తితే మోకాళ్లు నొప్పులంటున్నాడు, కర్నూలులో ఈతకు పంపితే సన్నబడతాడా అని అడిగారు. తప్పకుండా పంపండి. కాకపోతే బరువు తగ్గడమొక్కటే లెక్కగా పెట్టుకోవద్దు.

మెడలోతు నీళ్లలో నిలబడితే శరీర బరువులో దాదాపు 90 శాతం నీరే మోస్తుంది. నడుము లోతులో సగం. అందుకే మోకాళ్ల మీద భారం పడకుండానే గుండె, ఊపిరితిత్తులు, కండరాలు గట్టిగా పనిచేస్తాయి. ఆయాసానికి భయపడి ఆటలు మానేసిన పిల్లలు నీళ్లలో ఎక్కువసేపు నిలుస్తారు. నా దృష్టిలో అసలు లాభం ఇదే. మన ఎండల్లో మైదానం కంటే నీళ్లే నయం కూడా.

చల్లటి నీళ్లలోంచి బయటికొస్తే ఆకలి విపరీతంగా వేస్తుంది. అప్పుడు ఉగ్గాని బజ్జీ, కూల్‌డ్రింకు ఇప్పిస్తే ఖర్చయిన కేలరీలు తిరిగొచ్చేస్తాయి. ఉడికించిన శనగలో, గుడ్డో, జామకాయో ఇవ్వండి.

5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేసవి శిబిరంతో ఆపేస్తే చాలదు. ఈత లేని రోజుల్లో నడక, సైకిల్ ఉండాలి.

బట్టలు మార్చుకునేటప్పుడు తోటివాళ్లు వెక్కిరిస్తే పిల్లలు మళ్లీ రారు. ఒంటిని కప్పే ఈత దుస్తులు కొనివ్వండి, కోచ్‌తో ముందే మాట్లాడండి.

కేసీ కెనాల్‌లోనో తుంగభద్రలోనో మాత్రం నేర్పించవద్దు. ఆస్తమా, మూర్ఛ ఉంటే ముందు డాక్టరును అడగండి.