పీ16 పాజిటివ్ అంటే మీ జీన్ పాడైందని కాదు

గర్భాశయ ముఖద్వారం బయాప్సీలో సీఐఎన్2 (క్యాన్సర్‌కు ముందు వచ్చే కణాల మార్పు, మధ్యస్థాయిది), పీ16 పాజిటివ్ అని వచ్చింది, పీ16 ట్యూమర్ సప్రెసర్ జీన్ (కణితి పెరగకుండా అడ్డుకునేది) అంటున్నారు, అది పాడైపోయిందా, మా అమ్మాయికి కూడా వస్తుందా అని అడిగారు. లేదండీ. ఆ మాటకూ వంశపారంపర్యానికీ సంబంధం లేదు. మీ జీన్లు బాగానే ఉన్నాయి, హెచ్‌పీవీ అనే వైరస్ వాటి పని సాగనివ్వడం లేదు, అంతే.

నాకూ అచ్చం ఇలాంటి రిపోర్టే వచ్చింది. కాగితం మీద 'బ్లాక్ పాజిటివ్' అన్న మాట చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక నేరుగా స్లైడ్ చదివిన పాథాలజిస్టు దగ్గరికే వెళ్లాను. ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారావిడ. ఒక పక్కన లేత నీలం రంగులో కణాలు వరుసగా, పొందికగా ఉన్నాయి. ఉన్నట్టుండి ఒకచోట ముదురు గోధుమ రంగు మొదలైంది. అడుగు పొర నుంచి పైకి, సందు లేకుండా. 'బ్లాక్' అంటే అదే. 'ఈ గోధుమ రంగంతా పీ16. తగ్గిపోలేదమ్మా, విపరీతంగా పెరిగింది' అన్నారు. అంతవరకూ ఆ జీన్ పోయిందనే అనుకుంటూ ఉన్నాను.

ఎందుకు పెరిగిందంటే, కణ విభజనను అదుపులో పెట్టేది ఆర్‌బీ అనే ప్రొటీన్. వైరస్ తయారుచేసే ఈ7 దాన్ని పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. పీ16 ఉన్నదే ఆర్‌బీ ద్వారా విభజనను ఆపడానికి. ఆర్‌బీ లేకపోయేసరికి, తీగ తెగిన సైకిల్ బ్రేకును గట్టిగా నొక్కుతూనే ఉన్నట్టు, పీ16 పేరుకుపోతుంది, విభజన మాత్రం ఆగదు. ఈ6 అనే ఇంకో వైరస్ ప్రొటీనేమో దెబ్బతిన్న కణాల విభజనను ఆపే పీ53 అనే ప్రొటీన్‌ని కణం చేతే ముక్కలు చేయిస్తుంది. చాలా ఇతర క్యాన్సర్లలో పీ53 జీనే మారిపోయి ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో ఎక్కువమందిలో ఆ జీన్ చెక్కుచెదరదు. 1951లో ఒక రోగి కణితి నుంచి తీసిన హీలా కణాలు ఇప్పటికీ ల్యాబుల్లో పెరుగుతున్నాయి, వాటిలో ఉన్నది హెచ్‌పీవీ 18వ రకం. వాటిలో ఈ6, ఈ7లను అణచివేస్తే పీ53, ఆర్‌బీ మళ్లీ పనిలోకి దిగి విభజనను ఆపేశాయి. అన్నేళ్ల తర్వాత కూడా! నాకు అన్నిటికన్నా ధైర్యం ఇచ్చిన సంగతి ఇదే.

జర్మన్ వైరస్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం హెచ్‌పీవీ 16ను 1983లో, 18ని 1984లో గుర్తించింది, 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇంత తెలిసిన విషయాన్ని రిపోర్టు కింద ఒక్క వాక్యంలో రాయడానికి ఏం అడ్డం? పేషెంటు ఇంటర్నెట్‌లో వెతుక్కుని హడలిపోవాల్సిందేనా? ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇంకా ఘోరం, 'ఎవరి నుంచి వచ్చింది?' అని. లైంగిక జీవితం ఉన్న వాళ్లలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్ ఇది. ఎక్కువమందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. ఎప్పుడో సోకింది ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. దయచేసి ఆ విచారణ మొదలుపెట్టకండి, ఎవరినీ పెట్టనివ్వకండి.

అలాగని ఊరుకోకూడదు. వైరస్ ఏళ్ల తరబడి తిష్ఠవేసి, తన డీఎన్ఏను మన డీఎన్ఏలో కలిపేస్తే ఈ6, ఈ7 ఇంకా పెరుగుతాయి. అప్పుడు నిజంగానే జీన్లు దెబ్బతినడం మొదలవుతుంది. సీఐఎన్2 కొందరిలో దానంతటదే తగ్గుతుంది కాబట్టి, వయసును బట్టి కొన్నాళ్లు గమనిద్దామంటారు, లేదా లీప్ (కరెంటుతో వేడెక్కే తీగతో కోసే చిన్న ఆపరేషన్) చేసి ఆ భాగం తీసేస్తారు. నాకు లీప్ చేశారు. తర్వాత చేయించుకోవాల్సిన హెచ్‌పీవీ పరీక్షలు మాత్రం ఎంత బాగున్నా మానకండి. మీ అమ్మాయికి 9 నుంచి 14 ఏళ్ల లోపు ఉంటే టీకా వేయించండి, మీ జీన్ల కోసం కాదు, వైరస్ కోసం.

ఇంకొకటి. పాథాలజిస్టుల మధ్య ఎక్కువగా తేడాలొచ్చేది ఈ సీఐఎన్2 దగ్గరే, పీ16 రంగు వేసేది కూడా చాలాసార్లు ఆ సందేహం తీర్చుకోవడానికే. స్లైడ్లు ల్యాబ్‌లో భద్రపరుస్తారు. అనుమానం ఉంటే అడిగి తీసుకుని ఇంకొకరికి చూపించండి, మొహమాటపడకండి.