మక్కలు, పత్తికట్టె, పసుపు: ఫ్యాక్టరీ ఏం చూసి కొంటుంది?

పంటను పరిశ్రమలకు ముడిసరుకుగా అమ్ముకోవడంపై పాఠకులు పంపిన ప్రశ్నలు, వాటికి మా నిపుణుల జవాబులు.

ప్ర: స్టార్చ్ ఫ్యాక్టరీకి మక్కలు తీసుకెళ్లాం. తేమ 13 శాతమే వచ్చింది. బూజు లేదు, పురుగు లేదు. అయినా నమూనా చూసి "స్టార్చ్‌కు పనికిరావు, దాణాకు ఇచ్చుకోండి" అని తిప్పి పంపారు. వానలకు కల్లంలో ఆరక, అద్దె డ్రైయర్‌లో ఎండబెట్టించాం. అందువల్లేనా?
– ఒక రైతు, నర్సంపేట

జ: చాలావరకు అందువల్లే. మక్కగింజలో పిండి రేణువులు మాంసకృత్తుల వలలో ఇరుక్కుని ఉంటాయి. ఫ్యాక్టరీలో గింజలను దాదాపు 50 డిగ్రీల వేడినీళ్లలో, కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ కలిపి, 30 నుంచి 48 గంటలు నానబెడతారు. అప్పుడు ఆ పట్టు సడలి పిండి విడివడుతుంది. మంచి గింజ అయితే క్వింటాకు 60 కిలోల పైనే స్టార్చ్ దిగుతుంది. డ్రైయర్‌లో గింజ వేడి 60 డిగ్రీలు దాటిందంటే మాంసకృత్తులు గట్టిపడతాయి, ఎన్ని గంటలు నానినా సడలవు. పిండి కొంత గ్లూటెన్‌ (గింజలోని మాంసకృత్తుల భాగం)తో పాటే పోతుంది, దిగిన పిండిలోనూ ప్రొటీన్ మిగిలిపోతుంది. కోళ్ల దాణాకు ఈ చిక్కు లేదు కాబట్టే అటు పంపమన్నారు.

మీ దగ్గర మిగిలిన మక్కలుంటే ఓ పాతిక గింజలు తీసి, మొలక ఉన్న వైపు కిందికి వచ్చేలా టార్చిలైటు అద్దం మీద పెట్టి చూడండి. గింజ లోపల సన్నటి చీలికలు గీతల్లా కనిపిస్తే అతి వేడి తగిలిందనో, వేడి గింజ ఒక్కసారిగా చల్లారిందనో అర్థం. ఇలాంటి గింజలు ఎత్తిదించేటప్పుడు నూకవుతాయి, నూకకు త్వరగా పురుగు పడుతుంది.

ఈసారి డ్రైయర్ పెట్టించేటప్పుడు థర్మామీటరును గాలి గొట్టంలో కాదు, గింజల మధ్యలో గుచ్చి చూడమనండి. 25 శాతం తేమ ఉన్న మక్కలను ఒకే దఫాలో 13కు దించవద్దు. 17, 18 దగ్గర ఆపి, ఆరేడు గంటలు కుప్పగా వదిలేస్తే లోపలి తేమ పైకి వస్తుంది. ఆ తర్వాత మిగతాది ఆరబెట్టాలి. డ్రైయర్ వాళ్లు వేడి పెంచి తొందరగా ముగించాలని చూస్తారు. దగ్గర నిలబడక తప్పదు.

తరుగు లెక్క కూడా తెలిసి ఉండాలి. 20 శాతం తేమ ఉన్న క్వింటా మక్కలు 14 శాతానికి ఆరితే 93 కిలోలవుతాయి. అంటే నిజంగా పోయేది 7 కిలోలే. కాంటా దగ్గర అంతకన్నా ఎక్కువ తరుగు తీస్తున్నారంటే ఆరబెట్టి అమ్మడమే మేలు, ఎండకు పరదాల మీద పోస్తే కూలి తప్ప వేరే ఖర్చుండదు. మీటరు లేకపోతే పొడిగా ఉన్న గాజుసీసాలో మూడో వంతు మక్కలు, రెండు మూడు చెంచాల బాగా ఎండిన ఉప్పు పోసి, మూతపెట్టి నిమిషం సేపు గట్టిగా ఊపండి. పావుగంట ఆగి చూస్తే, ఉప్పు గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉంది.

ప్ర: బూజు పట్టిన మక్కలను ఇథనాల్ ఫ్యాక్టరీకి ఇవ్వొచ్చా? ఎలాగూ కాచి తీసేదే కదా.
– హుజూరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జ: ఇవ్వొద్దు. టన్ను మక్కల నుంచి దాదాపు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం అందులోకి పోదు, నశించదు కూడా. పిండి అంతా ఆల్కహాల్‌గా మారిపోయాక మిగిలే పిప్పిలో అది సుమారు మూడింతలు చిక్కబడుతుంది. ఆ పిప్పినే డీడీజీఎస్ పేరుతో కోళ్లకు, పశువులకు దాణాగా అమ్ముతారు. పాడిపశువు తింటే పాలలోకి వస్తుంది. బూజు కంకులను ఒలిచేముందే ఏరి పక్కన పెట్టండి, గింజయ్యాక వేరుచేయలేరు.

ప్ర: మా రైతు సంఘం పత్తికట్టెతో బ్రికెట్లు (ఇంధనంగా కాల్చే గట్టి దిమ్మలు) చేస్తోంది. 90 మిల్లీమీటర్ల పిస్టన్ ప్రెస్. బ్రికెట్లు బయటికి వస్తూనే పగులుతున్నాయి. డై (బ్రికెట్‌కు ఆకారమిచ్చే అచ్చు) కూడా చాలా తొందరగా అరుగుతోంది.
– సంఘం సభ్యులు, జమ్మికుంట

జ: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. పగలడం తేమ వల్ల. బ్రికెట్‌లో జిగురు ఏదీ కలపం, ఒత్తిడికి, వేడికి కట్టెలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి అదే పట్టిస్తుంది. ముక్కలు కొట్టిన కట్టె పొట్టులో తేమ 8 నుంచి 10 శాతం ఉండాలి. 12 దాటితే లోపల ఆవిరి పుట్టి, బయటికి రాగానే చీల్చేస్తుంది, ఒక్కోసారి పెద్ద చప్పుడుతో ఎగజిమ్ముతుంది. ప్రెస్ మూతికి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి. మరీ ఎండితే పట్టు కుదరక పొడి రాలుతుంది. ముక్క 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండి, అందులో కొంత సన్నపొడి కలవాలి. అంతా పెద్ద ముక్కే అయితే సందులు పూడవు.

డై అరగడం మట్టి వల్ల. మీ వైపు నల్లరేగడిలో కట్టెను పీకితే వేళ్లకు మట్టి గడ్డలు కట్టుకుని వస్తాయి, అందులోని ఇసుక ఇనుమును ఆకురాయిలా గీస్తుంది. 100 గ్రాముల ఎండిన పొట్టును మూకుడులో పూర్తిగా బూడిదయ్యేదాకా కాల్చి తూచండి. శుభ్రమైన కట్టెకు 3 నుంచి 5 గ్రాములు వస్తుంది. 8 దాటితే మట్టి ఉన్నట్టే. పీకిన కట్టెను రెండు వారాలు చేలోనే ఆరనిచ్చి, దులిపి, అప్పుడు ముక్క కొట్టించండి. లేదా నేలకు నాలుగంగుళాల పైన కోయించండి. బరువు కొంత తగ్గినా డై మిగులుతుంది.

ముక్క కొట్టడం చేను గట్టునే జరగాలి. రాలక మిగిలిన కాయల్లో గులాబీరంగు పురుగు దాగి ఉంటుంది. కట్టెను అలాగే తెచ్చి ఊరి పక్కన కుప్ప వేస్తే వచ్చే పంటకు రెక్కల పురుగులను మీరే పెంచినట్టు.

ఇంకో మాట. ఎకరాకు ఎండుకట్టె దాదాపు టన్ను. గంటకు 500 కిలోల ప్రెస్‌ను రోజుకు 8 గంటల చొప్పున 250 రోజులు నడపాలంటే వెయ్యి ఎకరాల కట్టె కావాలి, అదీ పంట తీసిన రెండు మూడు నెలల్లోనే సేకరించి వానకు తడవకుండా దాచాలి. షెడ్డు ఖర్చును ముందే లెక్క వేసుకోండి. బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో బయోమాస్ కలిపి కాల్చాలని 2021లో కేంద్రం నిర్ణయించింది గానీ, వాళ్లు కొనేది పెల్లెట్లు (బ్రికెట్ల కన్నా చిన్న గుళికలు). మీ సరుకుకు బాయిలర్లు, ఇటుక బట్టీలే గిరాకీ.

ప్ర: పసుపును కర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) తీసే కంపెనీకి అమ్మాలంటే పాలిష్ చేయించాలా?
– మెట్‌పల్లి నుంచి ఒక రైతు

జ: అక్కర్లేదు. పాలిష్‌తో బరువు పోతుంది, వాళ్లకు మెరుపుతో పనిలేదు. వాళ్లు కర్కుమిన్ శాతం, తేమ చూస్తారు. రకాన్ని బట్టే ధర. ఐఐఎస్ఆర్ (భారత సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ) రకాలైన ప్రగతిలో సుమారు 5 శాతం, ప్రతిభలో 6 శాతం పైన ఉంటుంది. ప్రగతి 180 రోజులకే వస్తుంది, ప్రతిభకు అంతకన్నా ఎక్కువ రోజులు పడుతుంది. ఉడకబెట్టడం 45 నుంచి 60 నిమిషాలు, పుల్ల గుచ్చితే సులువుగా దిగగానే దించేయాలి. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. కొమ్ములు 10 శాతం తేమకు వచ్చేదాకా ఆరబెట్టి, వెలుతురు తగలని చోట నిల్వ చేయండి, కర్కుమిన్ వెలుతురుకు తగ్గిపోతుంది. లోడు పంపేముందు కిలో నమూనాను రెండుగా చేసి, ఒక సగం ప్రయోగశాలకు పంపి, రెండో సగం సీలు వేసి మీ దగ్గర ఉంచుకోండి. ఫలితం తేడా వస్తే చూపించడానికి ఉంటుంది.