పాఠకుల ప్రశ్నలు: తేట నీటిలో ఫ్లోరైడ్

ప్రశ్న: మా బోరు నీరు చాలా తేటగా ఉంటుంది. దగ్గరలో ఫ్యాక్టరీ గానీ మురుగు కాలువ గానీ లేదు. అయినా పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములని తేలింది. ఇది ఎలా వచ్చింది? కాచి చల్లార్చి తాగితే సరిపోదా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: ఈ ఫ్లోరైడ్ మీ ఊరి కింద ఉన్న రాతిలోంచి వచ్చినదే. నల్లగొండ ప్రాంతపు గ్రానైట్ శిలల్లో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఫ్లోరిన్ గల ఖనిజాలుంటాయి. నేలలోకి ఇంకిన వాన నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, వాటిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే కరిగిన ఫ్లోరైడ్‌లో కొంత దానితో కలిసి గట్టిపడి అడుగుకు చేరుతుంది గానీ, కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న క్షార జలంలో ఆ అడ్డు ఉండదు. తెలుగు నేలకు ఇది కొత్త బాధ కాదు: అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లపై మచ్చలు తెచ్చి, ఎముకలను దెబ్బతీసే జబ్బును) వైద్యులు 1937లోనే నమోదు చేశారు.

కాచడం వల్ల క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం ఆవిరి కాదు. మీ నీటిని నాలుగు లీటర్లు పొయ్యి మీద పెట్టి మూడు లీటర్లు మిగిలేదాకా మరిగిస్తే, లీటరుకు 2 మిల్లీగ్రాములున్నది దాదాపు 2.7 అవుతుంది. ఎరువుల నుంచీ పెంటకుప్పల నుంచీ దిగే నైట్రేట్ విషయంలోనూ ఇంతే. పసిపిల్లలకు పాలపొడి కలిపేవారు దీన్ని మరవకూడదు.

మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదు, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. మీ నీరు రెండింటినీ దాటింది కనుక, నల్లా ద్వారా కృష్ణా నీరు అందుతుంటే తాగడానికి దాన్నే వాడి, బోరు నీటిని బట్టలకూ గిన్నెలకూ పరిమితం చేయండి. ఇంట్లో పళ్లు ఇంకా ఏర్పడుతున్న వయసు పిల్లలుంటే ఇక ఆలోచించవలసిన పనే లేదు. పంటి మీద పడిన మచ్చలు తర్వాత మంచి నీరు తాగినా పోవు.

ప్రశ్న: బిందెలో పటిక తిప్పితే ఫ్లోరైడ్ పోతుందంటారు, నిజమేనా?
– మరో పాఠకుడు

జవాబు: బురద తేరడానికి తిప్పే పటిక ఇందుకు చాలదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో, నీటిలోని ఫ్లోరైడ్‌నూ క్షారతనూ కొలిచి, వాటిని బట్టి అంతకన్నా ఎంతో ఎక్కువ పటికను సున్నంతో, బ్లీచింగ్ పౌడర్‌తో కలిపి, బాగా తిప్పి, మడ్డి అడుగుకు చేరాక పై నీటిని తీసుకుంటారు. (ఒక జిల్లా పేరు లోకానికి ఇలా తెలియవలసి రావడం విచారకరం.) కొలత తప్పితే శుద్ధి చేసిన నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది, అందువల్ల పరీక్ష లేకుండా ఇంట్లో చేయమని మేము చెప్పలేము. ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది, మామూలు క్యాండిల్ ఫిల్టర్ తీయదు. ఏ పద్ధతి ఎంచుకున్నా అన్నం, పప్పు, టీ కూడా శుద్ధి చేసిన నీటితోనే చేయాలి, ఎందుకంటే వంట నీటిలోని ఫ్లోరైడ్ ఆహారంతో పాటు లోపలికి పోతుంది.