లోయలో లెక్కలు చెప్పబోయే మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి శాన్ ఆంటోనియో నుంచి మామయ్య ఆశీస్సులు.

టెక్సస్ దక్షిణాన రియో గ్రాండే లోయలోని మెకాలెన్‌లో ఉద్యోగంలో చేరావనీ, మెక్సికన్ సంతతి పిల్లలు ఎక్కువగా చదివే అక్కడి మిడిల్ స్కూలువారు కెరీర్ డే నాడు వచ్చి ఇంజనీరింగ్ గురించి పిల్లలతో మాట్లాడమన్నారనీ, ఏం మాట్లాడితే బాగుంటుందో చెప్పమనీ రాశావు. ఈ రాష్ట్రంలో వరద కాలువల పనిలో ముప్పై ఏళ్ళు, శనివారాలు పిల్లలకు లెక్కలు చెప్పడంలో ఇరవై ఏళ్ళకు పైగా గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను. అయితే నీవు అడిగింది ఉపన్యాసం గురించి; ఉపన్యాసం విని ఇంజనీరైన పిల్లవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఒకరోజు మాట్లాడి రావడం కన్నా ఒక ఏడాది శనివారాలు ఇవ్వగలవేమో ముందుగా చూసుకో.

నేను మొదటిసారి అలాంటి సభకు వెళ్ళినప్పుడు వంతెనల బొమ్మలు చూపించాను, జీతాల లెక్క చెప్పాను, చివరికి మనవాళ్ళందరం చెప్పుకునే రెండు పెట్టెల కథ ఎత్తుకున్నాను. రెండు పెట్టెలతో దిగాము, కష్టపడి చదివాము, ఇంతవాళ్ళమయ్యాము అని నేను చెబుతూ ఉంటే వెనుక వరసలోని ఒక కుర్రవాడు చెయ్యెత్తి, ఏ పరీక్ష రాయాలో, ఏ కాలేజీకి దరఖాస్తు పంపాలో మీకు ఎవరు చెప్పారని అడిగాడు. నిజం చెప్పవలసి వచ్చింది. వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మా సీనియర్లు చెప్పారు. దరఖాస్తు రుసుము మాఫీ చేసే విశ్వవిద్యాలయాల జాబితా, ప్రొఫెసర్లకు ఉత్తరం రాసే పద్ధతి అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి మా చేతికిచ్చి వెళ్ళారు. నా కష్టమని నేను చెప్పుకున్నదాంట్లో సగం ఆ నోటు పుస్తకమేనని ఆ కుర్రవాడి ప్రశ్నతోనే తెలిసింది. పైగా చదువుకున్నవాళ్ళను ఏరి వీసా ఇస్తే వచ్చినవాళ్ళం మనం. అందుచేత ఆ కథ నీవు చెప్పవద్దు. ఆ పిల్లలకు లేనిది పట్టుదల కాదు, దారి తెలిసిన అన్నో బావో. నీవు నింపవలసిన చోటు అది.

ఆ ప్రాంతం గురించి ఒక మాట. రియో గ్రాండే నది అమెరికాకూ మెక్సికోకూ సరిహద్దుగా స్థిరపడింది 1848 నాటి గ్వాదలూపే ఇదాల్గో ఒప్పందంతో. లోయలోని కొన్ని కుటుంబాలు అంతకు ముందునుంచే అక్కడ ఉన్నాయి. కాబట్టి మీది ఏ దేశమని వాళ్ళను అడగడం తగదు. హిస్పానిక్ అనేది సర్కారు ఫారాలలో కనబడే మాట. వాళ్ళు తమను మెహికానో అనో తెహానో అనో చెప్పుకుంటారు, వాళ్ళు ఏది అంటే అదే అను. ఈ దేశంలో ఉండడానికి అనుమతి కాగితాల సంగతి అసలు ఎత్తవద్దు. కాగితాలు లేని పిల్లలకైనా బడి నిరాకరించరాదని 1982లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది, ఆ కేసు కూడా టెక్సస్‌దే. బడి అడగని ప్రశ్న నీవెందుకు అడగాలి?

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంజనీరింగ్ తలుపు పన్నెండో తరగతిలో మూసుకుంటుందని అందరూ అనుకుంటారు కానీ, చాలామందికి అది ఆరో తరగతిలోనే మూసుకుపోతుంది. ఎనిమిదిలో ఆల్జీబ్రా మొదలుపెట్టిన పిల్ల తొమ్మిదిలో జామెట్రీ, పదిలో రెండో ఆల్జీబ్రా, పదకొండులో ప్రీకాల్క్యులస్ దాటి పన్నెండులో కాల్క్యులస్ అందుకుంటుంది. తొమ్మిదిలో మొదలుపెట్టిన పిల్లకు వేసవి తరగతులో, ఒకే ఏడు రెండు సబ్జెక్టులో తప్ప ఆ మెట్టు అందదు. ఎనిమిదిలో ఆల్జీబ్రా కావాలంటే ఆరులోనే ముందు వరస లెక్కల తరగతిలో కూర్చోవాలి. పూర్వం ఆ తరగతికి పిల్ల పేరును టీచరు సిఫారసు చేయాలి, లేదా తల్లిదండ్రులు వెళ్ళి అడగాలి. అడగవచ్చునని తెలియని తల్లి ఎలా అడుగుతుంది? 2023లో టెక్సస్ శాసనసభ చేసిన చట్టంతో, అయిదో తరగతి లెక్కల్లో మొదటి నలభై శాతంలో ఉన్న పిల్లలను బడే ఆ తరగతిలో చేర్చాలి. వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. నీవు బడిలో అడుగుపెట్టగానే కౌన్సెలర్‌ను కలిసి, ఆ జాబితాలో ఉండీ వద్దని రాసి ఇచ్చిన ఇళ్ళు ఎన్ని, ఎందుకు అని మర్యాదగా కనుక్కో. భయం వల్లనో ఆ ఉత్తరం అర్థం కాకనో సంతకం పెట్టినవాళ్ళు ఉంటారు.

హైస్కూలు పిల్లలతో మాట్లాడేటప్పుడు డ్యూయల్ క్రెడిట్ సంగతి కూడా చూసుకో. బడిలో ఉండగానే కాలేజీ క్రెడిట్లు సంపాదించడం లోయలో బాగా వాడుకలో ఉంది, మంచిదే. కానీ కాలేజీ ఆల్జీబ్రా క్రెడిట్లు ఇంజనీరింగ్ డిగ్రీ లెక్కలోకి రావు. అక్కడి లెక్క కాల్క్యులస్‌తో మొదలవుతుంది. అరవై క్రెడిట్లు, అంటే రెండేళ్ళ కాలేజీ చదువు, ఉన్నాయని సంబరపడి చేరి, మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టిన పిల్లలను నేను చూశాను. అలాగే 1997 చట్టం ప్రకారం బడిలో మొదటి పది శాతంలో ఉన్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు దొరికే మాట నిజమే (ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆ గీత ఇంకా పైన ఉంది), కానీ విశ్వవిద్యాలయంలో సీటంటే ఇంజనీరింగ్‌లో సీటని కాదు.

తరగతి ఎలా నడపాలన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. వెనుకబడ్డవారని జాలిపడి తేలిక లెక్కలు ఇవ్వడం మన మొదటి పొరపాటు. 1970లలో బర్క్‌లీలో ఊరీ ట్రీస్‌మన్ అనే గణితజ్ఞుడు కాల్క్యులస్‌లో తప్పుతున్న నల్లజాతి విద్యార్థులను దగ్గరగా గమనించి, వాళ్ళు గంటల తరబడి చదువుతున్నా ఒంటరిగా చదువుతున్నారని, బాగా రాణిస్తున్న చైనా సంతతి విద్యార్థులు మాత్రం కలిసి కూర్చుని ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారని కనిపెట్టాడు. అప్పుడాయన వెనుకబడినవారికి విడిగా మరమ్మతు తరగతులు పెట్టలేదు. మామూలు తరగతిలో ఇచ్చేవాటికన్నా కష్టమైన లెక్కలిచ్చి గుంపులుగా కూర్చోబెట్టాడు, ఫలితం మారింది. మన హాస్టళ్ళలో పరీక్షల ముందు జరిగే కంబైన్డ్ స్టడీ అదే గదా! మా ఊళ్ళోనే 1979లో మాన్యుయెల్ బెర్రియోసాబల్ అనే గణితాచార్యుడు ఇంజనీరింగ్ వైపు వెళ్ళదలచిన బడిపిల్లలకు వేసవి కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు కూడా రోబోల ఆటలతో కాక తర్కశాస్త్రంతో ఆరంభించాడు. పన్నెండేళ్ళవాళ్ళకు తర్కమేమిటని నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పిల్లల నోట్సు చూశాక నవ్వడం మానేశాను.

ఓపిక సంగతి హైమే ఎస్కలాంటే అనే లెక్కల టీచరును చూసి తెలుసుకోవాలి. ఆయన 1974లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్ఫీల్డ్ హైస్కూల్లో చేరాడు. 1982లో ఆయన విద్యార్థులు 18 మంది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కాల్క్యులస్ పరీక్ష గట్టెక్కారు. వాళ్ళు కాపీ కొట్టారని పరీక్ష నిర్వహించేవారు అనుమానిస్తే, 12 మంది మళ్ళీ రాసి అందరూ నెగ్గారు. ఆ అనుమానం కథనే లోకం చెప్పుకుంటుంది. నన్నడిగితే నేర్చుకోవలసింది నడిమి ఎనిమిదేళ్ళ సంగతి: కాల్క్యులస్ తరగతి నిలవాలంటే కింది తరగతుల్లో ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీ సరిగ్గా నడవాలని ఆయన వాటిని పట్టించుకోవడం.

లెక్కలకు దూరం వెళ్ళవద్దు. అది డెల్టా నేల, మన కృష్ణా డెల్టాలాగే బల్లపరుపుగా ఉంటుంది. రియో గ్రాండే నుంచి నీటిని తోడి కాలువల ద్వారా పొలాలకు పంపిస్తారు, పెద్ద వాన పడితే వీధులు మునుగుతాయి. వాలు అంతగా లేని చోట నీరు ఎలా పారుతుంది, ఎంత వెడల్పు కాలువ ఎంత నీటిని మోస్తుంది అని అడుగు. ఆ పిల్లల తాతలు ఆ కాలువ గట్టున పనిచేసినవాళ్ళు. వాళ్ళకు తెలిసినది నీకు తెలియదు, మొహమాటపడకుండా అడిగి తెలుసుకో.

ఇప్పుడు చెప్పేది నా తప్పు. చాలా ఏళ్ళ కిందట నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి దూరపు విశ్వవిద్యాలయంలో, పూర్తి స్కాలర్‌షిప్‌తో, సీటు వచ్చింది. ఫారాలు నేను నింపించాను, వ్యాసం నేను దిద్దాను, సిఫారసు నేను రాశాను. ఆగస్టులో ఆ అమ్మాయి వెళ్ళలేదు. ఇంట్లో అమ్మమ్మకు డయాలసిస్, తమ్ముళ్ళిద్దరు చిన్నవాళ్ళు, ఆడపిల్లను అంత దూరం ఒంటరిగా పంపడానికి తల్లి మనసు ఒప్పలేదు. ఆ తల్లిని నేను ఒక్కసారైనా కలవలేదు. మీ అమ్మను వరంగల్ హాస్టల్లో చేర్చడానికి మా అమ్మ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో తెలిసినవాణ్ణి, ఆ గుమ్మం తొక్కాలని నాకు తోచలేదు. వ్యోమగామి హోసే హెర్నాండెస్ తల్లిదండ్రులు పంటల వెంట మెక్సికోకూ కాలిఫోర్నియాకూ తిరిగే కూలీలు. అతని రెండో తరగతి టీచరు వాళ్ళింటికి వెళ్ళి, ఒకచోట స్థిరపడితే పిల్లలు చదువుకుంటారని నచ్చజెప్పింది. వాళ్ళు స్టాక్టన్‌లో నిలిచారు. అతను నాసాకు పదకొండుసార్లు దరఖాస్తు పెట్టి కాదనిపించుకుని, 2004లో ఎంపికై, 2009లో డిస్కవరీలో అంతరిక్షానికి వెళ్ళాడు. పిల్లలకు నీవు ఆ పదకొండుసార్ల మాట చెబుతావు, చెప్పు. నీవు మాత్రం ఆ టీచరు ఇంటికి వెళ్ళిన మాట గుర్తుపెట్టుకో. స్పానిష్ రాకపోయినా ఫరవాలేదు, పిల్లలే అనువాదం చేస్తారు. వాళ్ళు పెట్టినది తిను. ఆ లోయలోనే ఎడిన్‌బర్గ్‌లోనూ బ్రౌన్స్‌విల్‌లోనూ 2015 నుంచి నడుస్తున్న రియో గ్రాండే వ్యాలీ విశ్వవిద్యాలయంలో ఇంటి నుంచే వెళ్ళివస్తూ ఇంజనీరింగ్ చదువుకోవచ్చునని తల్లులకు ముందుగానే చెప్పు. దగ్గర కాలేజీని చిన్నచూపు చూసే మన అలవాటు అక్కడికి తీసుకుపోవద్దు.

డబ్బు సంగతి క్లుప్తంగా: కాలేజీ చదువుకు కేంద్ర ప్రభుత్వ సహాయం కోరే ఫాఫ్సా దరఖాస్తును పన్నెండో తరగతి మొదట్లోనే తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టి నింపించు, తక్కువ రాబడి ఉన్న ఇళ్ళ పిల్లలకు ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు తిరిగి కట్టనక్కరలేదని రెండుసార్లు చెప్పు, అప్పంటే అక్కడి ఇళ్ళలో మనకన్నా ఎక్కువ భయం.

కెరీర్ డే నాడు నీవొక్కదానివే వెళ్ళకు. 1974లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన హిస్పానిక్ ఇంజనీర్ల సంఘానికి విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి శాఖలు ఉన్నాయి. ఆ లోయలోనే పుట్టి రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయిని తోడు తీసుకువెళ్ళి, సగం సమయం ఆమెకిచ్చి నీవు పక్కన కూర్చో. ఆమె ఏ బస్సెక్కిందో, ఏ పరీక్ష తప్పిందో పిల్లలు అడుగుతారు, నిన్ను అడగరు.

శనివారం తరగతి మొదలైతే మొదటి రోజు ఎందరు వచ్చారన్నది నాకు రాయనక్కరలేదు. ఆరో శనివారానికి ఎందరు మిగిలారో, మానేసినవాళ్ళలో ఎందరి ఇళ్ళకు వెళ్ళావో రాయి. కాలువ లెక్కలు రాసిన నా పాత నోటు పుస్తకం వేరే పార్సిల్లో పంపుతున్నాను; కొలతలు అడుగుల్లో ఉన్నాయి, మీటర్లలోకి మార్చే పని పిల్లలకే అప్పగించు.

ఇట్లు,
మీ మామయ్య