దూరం నుంచి వెళ్ళేవారికి డిస్నీ వరల్డ్ వార్షిక పాసు: మా ఇంటి లెక్క

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్న మీరు పదకొండేళ్ళ పాపతో, ఆరేళ్ళ బాబుతో జూన్‌లో ఒకసారి, డిసెంబరులో మరొకసారి ఓర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్ళాలనుకుంటున్నామని, ఒక్కో ప్రయాణంలో అయిదేసి రోజులు పార్కుల్లో గడుపుతామని, అటువంటప్పుడు నలుగురికీ వార్షిక పాసు కొనడం లాభమా, విడి టికెట్లే మేలా అని అడిగారు. ఆరు నెలలు ఉండటానికి రాబోతున్న మీ అత్తగారికీ మామగారికీ కూడా పాసు కొనాలా అన్నది మీ రెండో ప్రశ్న. మేము నార్త్ కెరొలైనాలో రాలీ పక్కన ఉంటాము, అంటే ఓర్లాండోకు సుమారు ఆరు వందల మైళ్ళు. 2024లో సరిగ్గా ఈ ఆలోచనతోనే అయిదు పాసులు కొన్నాము కాబట్టి, మాకు లెక్క ఎక్కడ కుదిరిందో, ఎక్కడ తప్పిందో దాచకుండా చెబుతాను.

ముందుగా ఏ పాసు గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకోవాలి. డిస్నీ వరల్డ్‌లో నాలుగు రకాల వార్షిక పాసులు ఉన్నా, చౌకగా కనిపించే పిక్సీ డస్ట్, పైరెట్ పాసులు ఫ్లోరిడా నివాసులకు మాత్రమే అమ్ముతారు. సార్సరర్ పాసు ఫ్లోరిడా వారికీ, డిస్నీ వారి విడిది వాటాలు కొనుక్కున్న డిస్నీ వెకేషన్ క్లబ్ సభ్యులకూ దొరుకుతుంది. మీకూ నాకూ మిగిలేది అన్నిటికంటే ఖరీదైన ఇంక్రెడి పాస్ ఒక్కటే. దాని ధర 2021లో వచ్చినప్పుడు 1,299 డాలర్లు, మేము కొన్నప్పుడు 1,449, 2025 అక్టోబరు నుంచి 1,629. దీని మీద ఆరున్నర శాతం అమ్మకపు పన్ను పడుతుంది కాబట్టి, మీకు తలకు 1,735 డాలర్లు, నలుగురికి దాదాపు 6,940 డాలర్లు అవుతుంది. నెలవారీ వాయిదాల సౌకర్యం కూడా ఫ్లోరిడా వారికే. టాంపాలో ఉన్న బావగారి చిరునామా పెట్టి చవక పాసు తీసుకోవచ్చని మాకు ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు గాని, నివాసానికి రుజువు అడుగుతారు, పైగా అది అబద్ధం చెప్పడమే కాబట్టి ఆ దారి వదిలేయండి.

పిల్లల విషయంలో ఒక మెలిక ఉంది. మూడు నుంచి తొమ్మిదేళ్ళ వయసు వారికి విడి టికెట్ కొద్దిగా తక్కువకు వస్తుంది, వార్షిక పాసులో మాత్రం పిల్లల ధర అంటూ లేదు. మీ ఆరేళ్ళ బాబుకు కూడా మీతో సమానంగానే కట్టాలి. మూడేళ్ళు నిండని పిల్లలకు ఏదీ అక్కరలేదు.

ఇక మా లెక్క. 2024 జూలైలో పన్నుతో కలిపి తలకు 1,543 డాలర్లు పెట్టి నాకు, మా ఆవిడకు, ఇద్దరు పిల్లలకు, అప్పటికి నెల క్రితం తెనాలి నుంచి వచ్చిన మా అమ్మకు పాసులు తీసుకున్నాము. ఆ జూలైలో నాలుగు రోజులు, నవంబరులో థాంక్స్‌గివింగ్ వారంలో నాలుగు రోజులు పార్కులకు వెళ్ళాము. వసంత కాలపు సెలవుల్లో వెళ్ళాలనుకున్నది మా ఆవిడ ఆఫీసులో రిలీజు మీద పడటంతో ఆగిపోయింది. మేలో ఒక రాత్రి కూర్చుని లెక్క వేసుకుంటే తేలింది ఇది: ఆ ఎనిమిది రోజులకు విడి టికెట్లు కొని ఉంటే మా నలుగురికీ దాదాపు 5,100 డాలర్లు అయ్యేది, పాసులకు పెట్టింది 6,172. పాసు ఉన్నందువల్ల రోజుకు 30 డాలర్ల పార్కింగ్ రుసుము మిగిలింది కాబట్టి ఎనిమిది రోజులకు 240 తీసివేసినా, ఎనిమిది వందల డాలర్ల పైచిలుకు ఇంకా రాబట్టుకోవలసి ఉంది.

ఇక్కడే మేము పొరపాటు చేశాము. పాసు గడువు జూలైలో ముగుస్తుంది కదా, ఆ ఎనిమిది వందలు వృథా పోనివ్వడం దేనికని, అంతకు ముందు మనసులో లేని ప్రయాణాన్ని జూన్‌లో పెట్టుకుని మూడు రోజులు వెళ్ళివచ్చాము. ఆ మూడు రోజుల టికెట్లు నలుగురికి 1,900 డాలర్లు అయ్యేవి గనుక, కాగితం మీద చూస్తే మొత్తం మీద పాసులు మాకు వెయ్యి డాలర్లకు పైగా మిగిల్చినట్టే. కాని ఓర్లాండో పక్కనున్న కిసిమ్మీలో అద్దెకు తీసుకున్న ఇంటికి నాలుగు రాత్రులు, రానుపోను పెట్రోలు, దారిలో ఒక రాత్రి బస, పార్కుల్లో తిండి, అన్నీ కలిసి 1,400 డాలర్లు దాటాయి. ఇంటి నుంచి పులిహోర, చపాతీలు కట్టుకుని వెళ్ళినా ఇంత అయింది. పార్కుల్లోకి సొంత ఆహారం తీసుకువెళ్ళనిస్తారు, గాజు సీసాలు మాత్రం పనికిరావు. ఎనిమిది వందలు రాబట్టడానికి పద్నాలుగు వందలు ఖర్చు పెట్టామన్న సంగతి ఇంటికి వచ్చి క్రెడిట్ కార్డు బిల్లు చూసినప్పుడు గాని మా బుర్రకు ఎక్కలేదు. పిల్లలు సంతోషించారు, అది నిజమే. అయితే ఆ సంతోషాన్ని పొదుపు పద్దులో రాసుకోకూడదు.

పార్కు నుంచి అరగంట దూరంలో ఉన్నవారికి ఈ బెడద ఉండదు. వారు ఒక శనివారం సాయంత్రం మూడు గంటలకు వెళ్ళి, నాలుగు రైడ్లు ఎక్కి, బాణసంచా చూసి ఇంటికి వచ్చి పడుకుంటారు, పాసు వారికి రోజుల లెక్క లేకుండా చేస్తుంది. మనలాంటి వారికి ప్రతి పార్కు రోజు వెనుక విమానం టికెట్లు, అద్దె కారు, బస ఉంటాయి, ఆ ఖర్చులో పాసు ఒక్క డాలరు కూడా తగ్గించదు. రైడ్ల దగ్గర పొడుగు వరస తప్పించుకోవడానికి కట్టే లైట్నింగ్ లేన్ రుసుము కూడా తగ్గించదు, అది పాసు ఉన్నవారూ విడిగా కట్టుకోవలసిందే. అందువల్ల మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: పాసు అనేది అసలు లేకపోయినా ఏడాదిలో ఎన్ని రోజులు ఖచ్చితంగా వెళ్ళేవారు?

నా అంచనా ప్రకారం, ఒక రోజు ఒకే పార్కు చూసే మామూలు టికెట్లతో పోలిస్తే ఇప్పటి ధరకు పన్నెండు రోజులకు తక్కువైతే పాసు గిట్టదు. ఒకే రోజు ఒక పార్కు నుంచి మరొక పార్కుకు మారే పార్క్ హాపర్ సౌకర్యం మీరు ఎలాగూ కొనేవారైతే, అది పాసులోనే కలిసి ఉంటుంది కాబట్టి పది రోజుల దగ్గర సరిసమానంగా తూగుతుంది. మీరు వెళ్ళే వారాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. ఒక రోజు టికెట్ మామూలు రోజుల్లో 119 డాలర్ల నుంచి మొదలై, 2025 క్రిస్మస్ వారంలో అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు 199 దాకా వెళ్ళింది. రోజులు పెరిగే కొద్దీ టికెట్‌లో రోజు ధర తగ్గుతుంది. ఇంక్రెడి పాస్‌కు పాసు చెల్లని నిషేధ తేదీలు లేవు గనుక, మీ డిసెంబరు ప్రయాణం సరిగ్గా క్రిస్మస్ వారంలో పడితే పాసు వైపు కొంత మొగ్గు వస్తుంది. డిసెంబరు మొదటి వారమైతే రాదు.

పాసు తీసుకునే పక్షంలో తేదీల విషయంలో ఒక చిన్న నేర్పు అవసరం. ఏడాది లెక్క పాసు కొన్న రోజు నుంచి కాక, దానితో మొదటిసారి గేటు దాటిన రోజు నుంచి మొదలవుతుంది. మొదటి ప్రయాణాన్ని జూన్ చివరి వారంలో పెట్టుకుని, మరుసటి ఏడాది ప్రయాణాన్ని జూన్ మొదట్లోకి జరిపితే, రెండు వేసవులూ మధ్యలోని డిసెంబరూ ఒకే పాసులో ఇముడుతాయి. మీ ఊళ్ళో బడులు మే నెలాఖరుకే మూసేస్తారు కాబట్టి ఇది మాకంటే మీకే సులువు. అలా మూడు ప్రయాణాలు, పదిహేను రోజులు అయితే నేను రెండో ఆలోచన లేకుండా పాసు కొనమంటాను, కాని ఆ మూడో ప్రయాణం మీ మనసులో ముందే ఉండాలి, నా మాట విన్నాక పుట్టినది కాకూడదు.

పాసు ఉంటే ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళవచ్చన్న ఊహ కూడా పూర్తిగా నిజం కాదు. తేదీ ఉన్న మామూలు టికెట్‌కు 2024 జనవరి నుంచి పార్కు రిజర్వేషన్ అక్కరలేదు. పాసు ఉన్నవారు మాత్రం, ముందుగా ప్రకటించే కొన్ని మినహాయింపు రోజులు తప్ప, రిజర్వేషన్ చేసుకోవాలి. మధ్యాహ్నం రెండు గంటల తరువాత అవసరం లేదు గాని, శని ఆదివారాల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఆ వెసులుబాటు కూడా ఉండదు. ఇంక్రెడి పాస్ మీద ఒకేసారి అయిదు రిజర్వేషన్ల వరకు ఉంచుకోవచ్చు, మీ అయిదు రోజుల ప్రయాణానికి అది సరిపోతుంది. విమానం టికెట్లు కొన్న రోజే వాటిని కూడా చేసేయండి. ఈ కట్టుబాట్లన్నీ ఉన్నా, పాసు వల్ల మాకు నిజంగా దక్కిన సుఖం ఒకటుంది. టికెట్ కొన్న రోజున పొద్దున్న ఏడింటికి బయలుదేరి రాత్రి పదకొండింటి దాకా పిల్లలను ఈడ్చుకు తిరిగేవాళ్ళం, పాసు ఉన్న ఏడాది మాత్రం జూలై ఎండలో మధ్యాహ్నం పన్నెండింటికే బయటపడి, అద్దె ఇంటికి వెళ్ళి అన్నం తిని నిద్రపోయి, సాయంత్రం తిరిగి వచ్చేవాళ్ళం.

మీ అత్తగారు, మామగారి విషయంలో నా సలహా స్పష్టం: కొనకండి. మా అమ్మకు కొన్న పాసు కథ వింటే కారణం తెలుస్తుంది. జూలైలో ఆమె ఉత్సాహంగానే వచ్చింది. అక్కడి మరో పార్కు ఎప్‌కాట్‌లో ఒక చెరువు చుట్టూ పదకొండు దేశాల మండపాలు ఉంటాయి, ఒక చుట్టు తిరిగితే దాదాపు మైలుంబావు నడక. మెక్సికో నుంచి మొదలుపెట్టి మొరాకో దగ్గరికి వచ్చేసరికి ఆమె నీడలో ఉన్న అరుగు మీద కూర్చుని, బూట్లు విప్పి పాదాలు నొక్కుకుంటూ, "మన దేశం ఎక్కడుందిరా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే ఇంత దూరం నడిపించావెందుకు?" అంది. నవంబరు ప్రయాణం వచ్చేసరికి కార్తీకమాసం, దీపం వదిలి ఎక్కడికీ రానని, మీరు వెళ్ళిరండని ఖచ్చితంగా చెప్పి, మా వీధిలోనే ఉన్న తెలుగువారింట్లో ఆ నాలుగు రోజులూ ఉంది. డిసెంబరులో తిరిగి ఇండియా వెళ్ళిపోయింది. 600 డాలర్ల టికెట్‌తో పోయేదానికి 1,543 పెట్టినట్టయింది.

ఆ పాసును మా మరదలికి వాడదామా అంటే కుదరదు. పాసు ఒకరి పేరు మీదనే ఉంటుంది, గేటు దగ్గర వేలి గుర్తు చూస్తారు, డబ్బు కూడా వెనక్కి రాదు. పాసు ఉన్నవారికి ఇచ్చే అయస్కాంతపు బొమ్మ ఒకటి అమ్మ తనతో తీసుకువెళ్ళింది. తెనాలిలో ఆమె ఫ్రిజ్ మీద ఇప్పుడది పాల లెక్క కాగితాన్ని పట్టుకుని ఉంది. పెద్దవాళ్ళకు నాలుగు రోజుల టికెట్ తీసుకోండి. దాన్ని ఏడు రోజుల వ్యవధిలో వాడుకోవచ్చు కాబట్టి మధ్యలో విశ్రాంతి రోజులు పెట్టుకోవడానికి వీలుంటుంది.

నలుగురికీ పాసు గిట్టకపోయినా ఇంట్లో ఒక్కరికి గిట్టే సందర్భం ఒకటి ఉంది. పార్కింగ్ మినహాయింపు కారుకు ఒక్క పాసు ఉంటే చాలు, చాలా దుకాణాల్లో వస్తువుల మీద ఇచ్చే ఇరవై శాతం తగ్గింపుకూ ఒక్కటి చాలు. డిస్నీ హోటళ్ళలో పాసు ఉన్నవారికి అప్పుడప్పుడు ఇచ్చే గది తగ్గింపుకు కూడా ఆ గదిలో ఒక్కరికి పాసు ఉంటే సరిపోతుంది. మీరు రెండు ప్రయాణాల్లోనూ డిస్నీ హోటల్లోనే దిగే పక్షమైతే ఈ చివరిదాన్ని లెక్కలోకి తీసుకోండి. అయితే ఆ గదులు పరిమితంగా ఉంటాయి, రద్దీ వారాల్లో దొరకడం కష్టం, పైగా ఆ హోటళ్ళలో దిగినవారికి పార్కుల దగ్గర పార్కింగ్ ఎలాగూ ఉచితమే. మాలాగా కిసిమ్మీలో వంటగది ఉన్న ఇల్లు తీసుకుని, రైస్ కుక్కర్ వెంట పెట్టుకుని వెళ్ళేవారికి ఆ తగ్గింపుతో పని లేదు.

మరొక సంగతి, ఓర్లాండోలోనే ఉన్న వేరే సంస్థ పార్కులైన యూనివర్సల్ పాసు కూడా మీ ఆలోచనలో ఉంటే, అందులో ఏ పార్కులు కలిసి ఉన్నాయో విడివిడిగా చూసుకోండి. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌ను అప్పట్లో వార్షిక పాసుల్లో చేర్చలేదు.

ఇప్పుడు మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానంటే, జూన్ ప్రయాణానికి నలుగురికీ అయిదు రోజుల టికెట్లు కొంటాను. అయిదో రోజు వచ్చేసరికి డిసెంబరు ప్రయాణానికి విమానం టికెట్లు చేతిలో ఉండి, మరుసటి జూన్ సెలవు కూడా ఆఫీసులో మంజూరై ఉంటే, పార్కు వదిలే ముందు గెస్ట్ రిలేషన్స్ కౌంటరు దగ్గరకు వెళ్ళి, టికెట్‌కు కట్టిన సొమ్మును పాసు ధరలో జమ చేయించుకుని మిగిలిన తేడా కడతాను. ఇంక్రెడి పాస్ అమ్మకంలో ఉన్నంతవరకు ఈ మార్పిడి చేస్తారు, ఏడాది లెక్క ఆ టికెట్‌తో మొదటిసారి లోపలికి వెళ్ళిన రోజు నుంచే పడుతుంది. టికెట్ గడువు దాటి ఫ్రిస్కోకు వచ్చేశాక అడిగితే మాత్రం చేయరు, అందుకని ఆ చివరి రోజు సాయంత్రం బాణసంచాకు గంట ముందే ఆ పని చూసుకోండి.