ఆగస్టులో ఒసాకా వెళ్తున్నాం, చెట్ల మీద అరిచే ఆ సికాడా పురుగుల గోలకి నిద్ర పడుతుందా?

పడుతుంది. రాత్రి ఏ ఇబ్బందీ ఉండదు, తెల్లారాకే అసలు సంగతి. ఒసాకాలో చెవులు చిల్లులు పడేలా అరిచేది కుమజెమి అనే పెద్ద నల్ల రకం. పొద్దెక్కుతూనే మొదలుపెట్టి పదీ పదకొండింటికి ఆపేస్తుంది. మా అపార్ట్‌మెంట్ ముందు వరసగా చెట్లున్నాయి కాబట్టి జూలై సగం నుంచి పొద్దున్నపూట కిటికీ తీసి ఫోన్ మాట్లాడలేం. కిటికీ మూసి ఏసీ వేసుకోండి, సరిపోతుంది.

కానీ ఆ ఒక్క గోల విని జపాన్ సికాడాలంటే ఇంతే అనుకుని వెళ్లిపోతారు చూడండి, అది నాకు చాలా బాధ. మనవాళ్లు చెర్రీ పూలకి వస్తారు, నవంబర్‌లో ఎర్రటి ఆకులకి వస్తారు, వేసవిలో వస్తే షాపింగే. హిగురషి అనే ఇంకో రకం సికాడా పాట విని వెళ్లినవాళ్లు నాకు తెలిసి ఒక్కరు లేరు. నన్నడిగితే ఈ దేశంలో తప్పకుండా వినాల్సింది అదే.

అది ఊళ్లో దొరకదు. చీకటి, చెమ్మ ఉన్న అడవి కావాలి, సుగి (జపాన్ దేవదారు), హినోకి (జపాన్ సైప్రస్) చెట్లుంటే మరీ ఇష్టం. మా అత్తగారు కోనసీమ నుంచి వచ్చినప్పుడు ఆగస్టు మొదట్లో కోయాసాన్ తీసుకెళ్లాం. ఒసాకాలోని నంబా స్టేషన్ నుంచి రైలు, చివర్లో నిటారుగా కొండెక్కే కేబుల్ కార్. 816లో కూకై అనే సన్యాసి మొదలుపెట్టిన మఠాల ఊరు, 800 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ ఒకునోయిన్ అనే పాత శ్మశానం దారి రెండు కిలోమీటర్లు, రెండు పక్కలా వందల ఏళ్ల సుగి చెట్లు, వాటి కింద నాచు పట్టిన సమాధులు రెండు లక్షల పైనే. సాయంత్రంపూట ఆ సమాధుల మధ్య నడవడం అత్తయ్యకి బొత్తిగా ఇష్టం లేదు. "దీపాలు పెట్టే వేళ ఇక్కడేం పనే అమ్మాయ్, పద పద" అంటూ నా చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. ఆరున్నర అయ్యుంటుంది, పైన వెలుగుంది గానీ చెట్ల కింద మసకపడింది. ఎక్కడో లోపల ఒకటి అందుకుంది, కనకనకనకన అని గట్టిగా మొదలై, పోనుపోను నెమ్మదించి, స్వరం కిందికి జారి ఆగిపోయింది. అది ఆగేలోపే ఇంకోవైపు నుంచి మరొకటి, తర్వాత మా నెత్తిమీదే ఒకటి, కాసేపటికి ఆ కొస నుంచి ఈ కొస దాకా గాజు గజ్జెలు కదిలినట్టు అడవంతా అదే పాట. అత్తయ్య లాగడం మానేసి నిలబడిపోయారు. "ఏం పిట్టే అది?" అన్నారు. పిట్ట కాదత్తయ్యా, పురుగు, రెక్కలతో కలిపి బొటనవేలంత ఉంటుందంటే నమ్మలేదు. మగదే పాడుతుంది, దాని కడుపు దాదాపు బోలుగా ఉంటుంది, శబ్దం అందులో మారుమోగుతుంది అని చెబితే "మరి పాపం తిండెక్కడికి పోతుందే" అన్నారు. చీకటి పడి పాట ఆగేదాకా కదల్లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి మళ్లీ మొదలైతే నాకంటే ముందే లేచి, మఠం గదిలో కిటికీ దగ్గర కూర్చున్నారు.

అందుకే టీవీలో మిట్టమధ్యాహ్నం సీన్‌కి హిగురషి శబ్దం వేస్తే నాకు ఒళ్లు మండుతుంది. మబ్బు బాగా కమ్మితే పగలు కూడా పాడుతుంది, నిజమే, కానీ నడినెత్తిన ఎండున్నప్పుడు పాడదు. హైకూల్లో దీన్ని శరదృతువు లెక్కలో వేశారు, అడవిలో మాత్రం జూన్ చివర్లోనే మొదలవుతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. వసంతంలో సుగి పుప్పొడికి దేశంలో పదిమందిలో దాదాపు నలుగురు తుమ్ముతుంటారు, నాకూ కళ్లు దురదలే, ఆ చెట్లన్నీ కొట్టేయాలి అననివాళ్లు మా ఆఫీసులో లేరు. యుద్ధం తర్వాత కలప కోసం మరీ ఎక్కువగా నాటారు, ఒప్పుకుంటాను. కానీ హిగురషికి ఆ నీడే ఇల్లు, ఆ సంగతి ఒక్కరూ తలుచుకోరు. అసలు ఒసాకాలో కుమజెమి ఇంతగా పెరగడానికి కూడా మనుషులే కారణం. ఇది గుడ్లు ఎండుకొమ్మల్లో పెడుతుంది, మరుసటేడు వానల్లో పిల్లలు బయటికొచ్చి నేలలోకి దూరతాయి. ఊరు వేడెక్కేకొద్దీ ఆ సమయం సరిగ్గా వానలతో కలిసొచ్చింది, పైగా గట్టిపడిన నేలని మిగతా రకాల కంటే ఇవి బాగా తవ్వుకోగలవు. ఎండుకొమ్మ అనుకుని ఇంటర్నెట్ ఫైబర్ కేబుళ్లలో కూడా గుడ్లు పెడుతుంటే, కేబుళ్ల తయారీయే మార్చాల్సి వచ్చింది.

మీ ప్లాన్‌లో ఒక్క రాత్రి కోయాసాన్‌కి ఇవ్వండి. ఆగస్టు 13న ఒకునోయిన్ దారంతా కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఆ రోజుకైతే గది ముందే బుక్ చేసుకోవాలి. అంత టైమ్ లేదంటే ఒసాకాకి ఉత్తరాన మినో జలపాతం ఉంది, సాయంత్రం వెళ్లి చీకటి పడుతుండగా కిందికి నడిచి రండి, టార్చ్ ఉంచుకోండి. నెలాఖరుకైతే హిగురషి తగ్గి త్సుకుత్సుకుబోషి అనే మరో రకం సికాడా ఎక్కువవుతుంది, దాని గురించి విడిగా అడగండి, రాస్తాను.